చెయ్యెత్తే పిల్లవాడి వెనుక మానని గాయం

దినపత్రిక జిల్లా పేజీల్లో ఇలాంటి వార్తలు తరచూ చూస్తున్నాం. పదో తరగతి కుర్రాడు తోటివాడి తల పగలగొట్టాడు. ఇంటర్ చదివే అబ్బాయి అడిగిన సెల్‌ఫోను కొనివ్వలేదని తల్లి మీద చెయ్యి చేసుకున్నాడు. పదహారేళ్లు నిండని నలుగురు కలిసి ఇంకొకణ్ణి కర్రలతో కొట్టారు. చదివిన వాళ్లమందరం ఒకే మాట అంటాం: "ఈ కాలం పిల్లలకు భయం లేకుండా పోయింది." సినిమాలనీ, సెల్‌ఫోన్లనీ, తల్లిదండ్రుల గారాబమనీ కారణాలు వెతుకుతాం. ఆ తరువాత మందు కూడా మనమే చెప్పేస్తాం. నాలుగు తగిలిస్తే దారికొస్తాడు అంటాం. హాస్టల్లో పడేస్తే బుద్ధి వస్తుంది అంటాం. టీ.సీ. ఇచ్చి పంపించేస్తే మిగతా పిల్లలైనా బాగుపడతారు అంటాం.

పిల్లల విభాగంలో పనిచేసేవారికి ఈ మూడు మందులూ వాడిన పిల్లలు తరచూ ఎదురవుతారు. "డాక్టరు గారూ, వీడు మా చెయ్యి దాటిపోయాడండీ. ఎంత కొట్టినా మారడం లేదు" అంటూ తల్లి పిల్లవాణ్ణి ముందుకు తోస్తుంది. ఆ మాటలోనే జబ్బూ, దాన్ని ముదరబెట్టిన మందూ రెండూ ఉన్నాయి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. చిన్నతనంలో దెబ్బ తిన్న పిల్లవాణ్ణి హింస నుండి మళ్లించేది అతని పక్కన నిలకడగా ఉండే ఒక పెద్ద మనిషి. మనం సాధారణంగా వాడే మూడు మందులూ సరిగ్గా ఆ మనిషినే అతనికి లేకుండా చేస్తున్నాయి.

గాయం అంటే ఒంటి మీద దెబ్బ మాత్రమే కాదు

మానసిక గాయం అనగానే ఏదో ఘోరమైన ప్రమాదమో, అత్యాచారమో గుర్తుకు వస్తుంది. అవి ఉండవచ్చు. కానీ ఎక్కువమంది పిల్లల విషయంలో గాయం ఒక్కరోజులో తగిలేది కాదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి తాగి ఇంటికి వచ్చే తండ్రి, ఆయన చెప్పుల చప్పుడు వినగానే వంటింట్లోకి తప్పుకునే తల్లి, చాప కింద ముఖం దాచుకుని నిద్రపోతున్నట్టు నటించే పిల్లలు. ఆ పిల్లల ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా పడకపోవచ్చు. అయినా వారు దెబ్బ తిన్న పిల్లలే. వీటితోపాటు కన్నవారు విడిపోవడం, ఇంట్లో ఒకరికి తీవ్రమైన మానసిక జబ్బు ఉండడం, ఆకలికీ ఏడుపుకూ పలికేవారు లేకపోవడం, "నువ్వెందుకు పుట్టావురా" అన్న మాట పదేపదే వినవలసి రావడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఈ సంగతిని వైద్య ప్రపంచం ముందుకు తెచ్చిన పెద్ద పరిశోధన అమెరికాలోని శాన్ డియాగోలో జరిగింది. డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి, డాక్టర్ రాబర్ట్ ఆండా 17,000 మందికి పైగా పెద్దవారిని వారి బాల్యంలోని చేదు అనుభవాల గురించి అడిగారు. మొదటి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. వీరు నిరుపేదలు కారు. చాలామంది ఉద్యోగాలూ ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతివారు. అయినా మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక చేదు అనుభవం ఉందన్నారు. ఎనిమిదిమందిలో ఒకరికి నాలుగు లేక అంతకు మించి ఉన్నాయి. తల్లిని కొడుతుండగా చూడడాన్ని కూడా అందులో ఒక గాయంగానే లెక్కించారు.

అది అమెరికా సంగతి అని పక్కన పెట్టడానికి వీలు లేదు. మన కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో జరిపిన అధ్యయనం 2007లో విడుదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది. కుటుంబంలో దెబ్బలు తిన్న పిల్లల్లో నూటికి 88 మందికి పైగా కొట్టినది తల్లిదండ్రులే. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. వారిలో మగపిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుండి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు తెలంగాణలో నూటికి సుమారు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. భర్త తరచూ తాగి వచ్చే ఇళ్లలో ఈ హింస ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఇళ్లలో చాలావాటిలో చూసే చిన్న కళ్లు కూడా ఉంటాయని మరువరాదు.

మెదడులో ఏం జరుగుతుంది?

మన మెదడు లోపలి భాగంలో బాదం గింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేయడం దాని పని. కుక్క మీదికి వస్తే మనం ఆలోచించకుండానే పక్కకు దూకుతాం. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. ప్రమాదం తొలగిపోగానే అంతా సర్దుకోవాలి.

ప్రమాదం ఇంట్లోనే కాపురం ఉంటే ఆ సర్దుబాటు జరగదు. ప్రతి రాత్రీ భయమే అయినప్పుడు అమిగ్డలా ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. చిన్న చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతుంది. మరోవైపు నుదుటి వెనుక ఉండే మెదడు భాగం, అంటే "ఆగు, ఆలోచించు" అని కళ్లెం వేసే భాగం, ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా ఎదగదు. కౌమారదశలో ఏ పిల్లవాడికైనా ఈ కళ్లెం కొంచెం వదులుగానే ఉంటుంది. చిన్నప్పటినుండి భయంలో పెరిగిన పిల్లవాడికి గుర్రం మరీ బెదురుగా, కళ్లెం మరీ వదులుగా ఉంటుందన్నమాట.

దీనికి తోడు ఆ పిల్లలు ఎదుటివారి ముఖాన్ని చదివే తీరు కూడా మారుతుంది. అమెరికాలో కెన్నెత్ డాడ్జ్, ఆయన సహచరులు 309 మంది చిన్న పిల్లలను పరిశీలించి 1990లో ఒక విషయం ప్రకటించారు. ఇంట్లో తీవ్రంగా దెబ్బలు తిన్న పిల్లలు ఇతరుల చేష్టల్లో ద్వేషాన్నే ఎక్కువగా చూస్తారు. వరండాలో వెళుతూ ఒకడి భుజం తగిలిందనుకోండి. మామూలు పిల్లవాడు "చూసి నడవరా" అని వెళ్లిపోతాడు. ఈ పిల్లవాడు "వీడు నన్ను కావాలనే గుద్దాడు" అనుకుంటాడు. ముందుగా కొట్టకపోతే తానే దెబ్బ తింటానని అతని బాల్యం అతనికి నేర్పింది. చూసేవారికి అది కారణం లేని దాడి. అతని దృష్టిలో అది ఆత్మరక్షణ.

ఈ కోపం అందరిలోనూ ఒకేలా బయటపడదు. మగపిల్లల్లో ఎక్కువగా ఇతరుల మీదికి పోతుంది. ఆడపిల్లల్లో చాలాసార్లు తమ మీదికే తిరుగుతుంది. చెయ్యి కోసుకోవడం, తిండి మానేయడం, పురుగుమందు సీసా వైపు చెయ్యి చాచడం వంటివి కూడా ఈ గాయం నుండి రావచ్చు.

దెబ్బ తిన్న ప్రతివాడూ కొట్టేవాడవుతాడా?

కాడు. ఈ మాట గట్టిగా చెప్పాలి. లేకపోతే కష్టంలో పెరిగిన ప్రతి పిల్లవాణ్ణీ రేపటి నేరస్తుడిగా చూసే ప్రమాదం ఉంది.

కాథీ విడమ్ అనే పరిశోధకురాలు అమెరికాలో చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టులు నిర్ధారించిన 908 మంది పిల్లలను, అదే ప్రాంతంలో అలాంటి చరిత్ర లేని 667 మందితో పోల్చి చూశారు. 1989లో వెలువడిన ఆమె లెక్కల ప్రకారం, బాలలుగా ఉండగా పోలీసులు అరెస్టు చేసినవారు మొదటి గుంపులో నూటికి 26, రెండో గుంపులో నూటికి 17. హింసాత్మక నేరాలకు అరెస్టయినవారు మొదటి గుంపులో 11, రెండో గుంపులో 8. రెండు విషయాలు గమనించండి. ముప్పు పెరిగిన మాట నిజం. మొదటి గుంపులో కూడా అత్యధికులు హింసకు దిగలేదన్న మాటా అంతే నిజం. ఆమె మరో సంగతి కూడా చూపించారు. కొట్టకపోయినా పట్టించుకోకుండా వదిలేసిన పిల్లల్లో కూడా హింస పెరిగింది.

మినెసోటా రాష్ట్రంలో 1,36,549 మంది విద్యార్థుల సర్వేను విశ్లేషించి 2010లో ప్రచురించిన పరిశోధన దీన్ని ఇంకా స్పష్టం చేసింది. చేదు అనుభవాల రకాలు ఒక్కొక్కటి పెరిగే కొద్దీ ఆ పిల్లలు హింసకు పాల్పడే అవకాశం 35 నుండి 144 శాతం వరకు పెరిగింది. గాయం మీద గాయం పడుతున్న కొద్దీ ముప్పు పెరుగుతుందన్నమాట. కాబట్టి ఇప్పటికే దెబ్బ తిన్న పిల్లవాడికి మనం ఇంకో దెబ్బ చేర్చకుండా ఉండడమే పెద్ద చికిత్స.

మరి గాయపడి కూడా బాగుపడినవారు ఎలా బాగుపడ్డారు? హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, కలహాల మధ్య పుట్టి చెడిపోయే ప్రమాదం బాగా ఎక్కువ ఉన్న పిల్లల్లో కూడా మూడో వంతు మంది చక్కగా ఎదిగి పనిపాటలు చూసుకునే పెద్దవారయ్యారు. వారి జీవితాల్లో తరచూ కనిపించిన అంశం ఒకటి ఉంది. చిన్నతనం నుండి వారిని నమ్మి, వదిలిపెట్టకుండా నిలబడిన ఒక్క మనిషైనా వారికి ఉన్నారు. కన్నవారే కానక్కరలేదు. అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, ఒక టీచరు కావచ్చు.

మనం వాడే మూడు మందులు

ఇప్పుడు ఆ మూడు మందుల దగ్గరకు తిరిగి వద్దాం.

మొదటిది దెబ్బ. "దెబ్బకు దెయ్యం వదులుతుంది" అంటారు. కొట్టి పెంచడం గురించి 50 ఏళ్లలో వచ్చిన 75 అధ్యయనాలను, 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలను ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ కలిపి చూసి 2016లో ఫలితం ప్రకటించారు. దెబ్బలు తినే పిల్లల్లో మాట వినడం పెరగలేదు. దుడుకుతనమే ఎక్కువగా కనబడింది. దెబ్బ పడిన క్షణంలో పిల్లవాడు ఆగిపోతాడు. అది చూసి మందు పనిచేసిందనుకుంటాం. నిజానికి అతను నేర్చుకున్నది ఒక్కటే: బలమున్నవాడు కొట్టవచ్చు. పదిహేనేళ్లకు బలం అతనికి వస్తుంది.

"మేమూ దెబ్బలు తినే పెరిగాం, మేం బాగానే లేమా?" అని చాలామంది పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ దెబ్బల పక్కనే వారికి నాయనమ్మ ఒడి ఉంది. తాతయ్య వేలు పట్టుకుని పొలానికి వెళ్లిన ఉదయాలున్నాయి. అడ్డం వచ్చే పెదనాన్న ఉన్నాడు. మనల్ని నిలబెట్టినది ఆ మనుషులే. ఘనత మాత్రం బెత్తానికి ఇస్తున్నాం. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను కూడా కొట్టడానికే వాడుకుంటున్నాం. మొక్కను సరిగ్గా పెంచాలనుకున్న రైతు దాన్ని కర్రతో బాదడు. పక్కన ఊతకర్ర పాతి మెత్తటి తాడుతో కడతాడు. క్రైస్తవ కుటుంబాలలో కొందరు సామెతల గ్రంథంలోని బెత్తం మాటను అడ్డం పెట్టుకుంటారు. గొర్రెల కాపరి చేతిలోని కర్ర గొర్రెకు దారి చూపడానికీ, తోడేలును తరమడానికీ కదా! మంద దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటుంది.

రెండవది హాస్టలు. హాస్టళ్లన్నీ చెడ్డవని కాదు. ఎందరో పేద పిల్లలకు అన్నమూ చదువూ పెట్టినవి అవే. చదువు కోసం పంపడం వేరు, శిక్షగా పంపడం వేరు. ఇంట్లో దుడుకుగా ఉన్నాడని ఎనిమిదో తరగతిలో హాస్టల్లో చేర్చిన పిల్లవాడు అర్థం చేసుకునేది "నన్ను వదిలించుకున్నారు" అనే. అక్కడ పెద్ద పిల్లల వేధింపు ఉంటే గాయం మీద కారం చల్లినట్టే. రెండొందల మందికి ఒక్క వార్డెను ఉన్నచోట ఆ పిల్లవాడి ముఖం చూసి "ఏమైందిరా" అని అడిగే తీరిక ఎవరికి ఉంటుంది?

మూడవది టీ.సీ. కొట్లాటలో పట్టుబడిన విద్యార్థిని బడి నుండి పంపించేయడం యాజమాన్యానికి సులువు. మిగతా పిల్లల తల్లిదండ్రులూ సంతోషిస్తారు. కానీ చాలామంది ఇలాంటి పిల్లలకు లోకంలో మిగిలిన మంచి మనిషి ఆ బడిలోనే ఉంటారు. డ్రిల్లు మాస్టరో, తెలుగు టీచరో, మధ్యాహ్న భోజనం వడ్డించే ఆయమ్మో. టీ.సీ.తో ఆ తాడు కూడా తెగిపోతుంది. ఆ తరువాత అతణ్ణి ఆదరించేవారు వీధి చివర బడ్డీ కొట్టు దగ్గర గంజాయి సిగరెట్టుతో ఎదురుచూస్తుంటారు.

చట్టం కూడా ఈ ప్రశ్న అడుగుతోంది

బడిలో కొట్టడం చట్టవిరుద్ధమని ఇంకా చాలామందికి తెలియదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధిస్తోంది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించింది.

2012 డిసెంబరు నాటి ఢిల్లీ సంఘటన తరువాత "బాలలకు కూడా పెద్దవారి శిక్షలే వెయ్యాలి" అన్న కోపం దేశమంతటా వచ్చింది. ఆ కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. ఫలితంగా వచ్చిన బాల న్యాయ చట్టం 2015 ప్రకారం, అతి తీవ్రమైన నేరం చేసినట్టు ఆరోపణ ఎదుర్కొనే 16 నుండి 18 ఏళ్ల వారిని పెద్దవారిలా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలి. పిల్లవాడి మానసిక, శారీరక సామర్థ్యం, తన పని ఫలితం తెలుసుకోగల శక్తి, నేరం జరిగిన పరిస్థితులు ఇవన్నీ చూడాలి. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేనప్పుడు నిపుణుల సహాయం తప్పక తీసుకోవాలని స్పష్టం చేసింది. అంటే "ఏం చేశాడు?" అన్న ప్రశ్నతోపాటు "ఏ స్థితిలో చేశాడు?" అన్న ప్రశ్న కూడా వెయ్యాలని చట్టమే చెబుతోంది. విచారం ఏమిటంటే, ఈ రెండో ప్రశ్న మొదటిసారి వినబడేది బోర్డు ముందు. అప్పటికి ఒకరి ప్రాణం పోయి ఉండవచ్చు. అదే ప్రశ్న ఐదేళ్ల ముందు బడిలోనో ఆసుపత్రిలోనో ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండేది!

మరి దెబ్బ తిన్న అవతలివాడి సంగతి?

ఇది చదివినవారిలో కొందరికి కోపం రావచ్చు. "మా అబ్బాయి తలకు ఆరు కుట్లు పడ్డాయి. కొట్టినవాడి బాల్యం మాకెందుకు?" అని అడిగే తల్లికి జవాబు చెప్పాలి. ఆమె బిడ్డకు వైద్యం, భద్రత, న్యాయం ముందుగా అందాలి. కొట్టినవాడు తాను చేసింది తప్పని ఒప్పుకోవాలి, దానికి బాధ్యత వహించాలి. కారణం తెలుసుకోవడం వేరు, తప్పును ఒప్పనడం వేరు. గాయపడిన పిల్లలకు హద్దులు అక్కరలేదని ఎవరూ అనడం లేదు. వారికి హద్దులు ఇంకా ఎక్కువ కావాలి. కానీ ఆ హద్దు ఈరోజు ఒకలా, రేపు మరోలా ఉండకూడదు. దాన్ని పెట్టేవారు కేకలు లేకుండా, చెయ్యి ఎత్తకుండా పెట్టాలి. పైగా కొట్టినవాడి గాయాన్ని మాన్పితేనే రేపు ఇంకో తల్లి బిడ్డకు కుట్లు పడకుండా ఉంటాయి.

అన్ని దుడుకుతనాలకూ బాల్యపు గాయమే మూలం కాదని కూడా చెప్పాలి. ఒకచోట నిలవలేని ఏ.డి.హెచ్.డి., చదవడం రాయడంలో లోపం, వినికిడి లోపం, మూర్ఛ, తలకు తగిలిన దెబ్బ, గంజాయి వంటి మత్తు పదార్థాలు, పైకి కోపంగా కనబడే డిప్రెషన్ కూడా కారణాలు కావచ్చు. అందుకే ఊహించి వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి.

మనం చేయగలిగింది

ఇంట్లో: పిల్లవాడు కోపంతో ఊగిపోతున్నప్పుడు బుద్ధులు చెప్పకండి. ఆ సమయంలో కళ్లెం వేసే మెదడు పనిచేయదు. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పక్కకు తప్పించండి. గొంతు తగ్గించి, కొంచెం దూరంగా నిలబడి "నేను ఇక్కడే ఉన్నాను, నువ్వు చల్లబడ్డాక మాట్లాడుకుందాం" అనండి. ఆ మాట నిలబెట్టుకోండి. చల్లబడ్డాక "ఎందుకు చేశావ్?" అనే బదులు "అప్పుడు నీకేమనిపించింది నాన్నా?" అని అడగండి. రోజుకు పదిహేను నిమిషాలు మార్కుల ఊసు లేకుండా కూర్చోండి. ఇంట్లో తాగుడు, భార్యను కొట్టడం సాగుతున్నంత కాలం పిల్లవాడికి చేసే ఏ వైద్యమూ నిలవదు. తండ్రి చికిత్సే కొడుకు చికిత్సలో మొదటి మోతాదు. హింసకు గురయ్యే స్త్రీలు 181 నంబరుకు ఫోను చేయవచ్చు.

బడిలో: ఒక విద్యార్థి పదే పదే కొట్లాడుతుంటే టీ.సీ. రాసే ముందు ఆ ఇంటి పరిస్థితి కనుక్కోండి. అతనికి ఇష్టమైన ఒక టీచరుకు అతని బాధ్యత అప్పగించండి. వారానికి రెండుసార్లు ఐదు నిమిషాలు పలకరించడం ఆ టీచరుకు బరువు కాదు. చిన్న తరగతుల్లో ముందే కనబడే గుర్తులను గమనించండి. తరచూ కడుపునొప్పి, మళ్లీ మొదలైన పక్కతడుపు, ఎవరైనా చెయ్యి ఎత్తితే ముడుచుకుపోవడం, జంతువులను హింసించడం, ఒక్కసారిగా పడిపోయిన మార్కులు ఇలాంటివి.

ఆసుపత్రిలో: పిడికిలి చిట్లి కుట్ల కోసం వచ్చిన పదిహేనేళ్ల పిల్లవాణ్ణి, టి.టి. ఇంజెక్షను ఇచ్చి పంపించేస్తే సగం వైద్యమే చేసినట్టు. ప్రతి కౌమార రోగితోనూ డాక్టరు గాని నర్సు గాని తల్లిదండ్రులు పక్కన లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడే ఏర్పాటు ఉండాలి. "ఇంట్లో నీకు భయం వేసే సమయం ఏదైనా ఉందా?" "నిద్ర బాగా పడుతుందా?" "నీకు కష్టం వస్తే ఎవరికి చెబుతావు?" ఈ మూడు ప్రశ్నలు చాలు. మూడోదానికి "ఎవరూ లేరు" అన్న జవాబు వస్తే ఆ పిల్లవాణ్ణి ఊరికే పంపకూడదు. గాయాన్ని గురించి మెల్లమెల్లగా మాట్లాడించి మాన్పే ప్రత్యేకమైన కౌన్సెలింగ్ పద్ధతి ఉంది. మామూలుగా 12 నుండి 16 సార్లు రావాలి. తల్లి గాని తండ్రి గాని కూడా అందులో పాల్గొనాలి. బాల్యపు గాయాన్ని చెరిపేసే మాత్ర ఏదీ లేదు. నిద్రలేమికో డిప్రెషన్‌కో అవసరమైతే డాక్టరు మందులు రాస్తారు.

పిల్లలు లైంగిక వేధింపు సంగతి బయటపెడితే నమ్మండి. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి, ఎందుకంటే ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. పోక్సో చట్టం 2012 ప్రకారం అలాంటి సంగతి తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. జరిగినదాన్ని పదిమంది ముందు పదిసార్లు చెప్పించవద్దు. బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. మానసిక సమస్యలకు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఖర్చు లేదు.

ఇవన్నీ పెద్ద పథకాలు కావు. మన వీధిలో, మన బడిలో, మన బంధువుల్లో "వాడి జోలికి పోకండి" అనిపించుకుంటున్న ఒక పిల్లవాడు మీకు ఇప్పటికే గుర్తుకు వచ్చి ఉంటాడు. అతణ్ణి ఒక్కరోజులో మార్చవలసిన పని లేదు. ఈ వారం అతణ్ణి పేరు పెట్టి పిలవండి, అన్నం తిన్నావా అని అడగండి. వచ్చే వారం మళ్లీ అడగండి. మొదట మొహం తిప్పుకుంటాడు. బహుశా ఒక మొరటు మాట కూడా అంటాడు. అప్పుడు విసుక్కుని వెళ్లిపోయేవారిని అతను చాలామందిని చూశాడు. మూడోవారం కూడా మళ్లీ వచ్చి అడిగే మనిషి మీరు కండి.